రెండో టోకెన్

మా పెద్దనాయన పోయిన సంగతి మారికుప్పం నుంచి బయలుదేరిన పొద్దుటి రైల్లో తెలిసింది. బంగారపేట ఇంకా రాలేదు. ఫోన్లో అన్న, అంటే ఆయన కొడుకు, "పాపా, నాయన లేడు" అన్నాడు. ఆ వెంటనే, "నీ కాడ నాయన ఫోటో ఏమన్నా ఉండాదా? దండ ఎయ్యాల గదా" అన్నాడు.

నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. "మిషను చెడిపోతే నువ్వేం చేస్తావమ్మా" అని చాలామంది ఓదార్చారు. వాళ్ల మంచితనం వాళ్లది. మిషన్లు చెడిపోతాయని ఆయనకు ఎప్పుడో తెలుసు. తెలియంది నాకు.

పెద్దనాయన మా మారికుప్పం బంగారు గనిలో పనిచేశాడు. లోపల బండ పడి మోకాలు చితికాక ఆయన్ని టోకెన్ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒకే నంబరు కొట్టిన ఇత్తడి బిళ్లలు రెండు ఉండేవి. ఒకటి ఆ కిటికీలో తీసుకుని, జేబులో వేసుకుని దిగాలి. రెండోది కిటికీ పక్కన బోర్డుకు వేలాడుతూ ఉంటుంది. షిఫ్టు అయ్యాక జేబులోది తెచ్చి దాని జత పక్కన తగిలించాలి. జత కలవని బిళ్ల కనిపిస్తే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. అప్పుడు వెతకడానికి మనుషులు దిగేవాళ్లు.

గని మూసేసిన చాలా ఏళ్ల తర్వాత ఒక వానాకాలం మా లైను ఇళ్ల, అంటే గనివాళ్ల వరస ఇళ్ల, రేకులు కారి, అందరి ఆల్బాలూ తడిసిపోయాయి. పెద్దనాయన తన పెళ్లి ఫోటోలను దండెం మీద బట్టల్లా ఆరేసుకుని కూర్చోవడం నేను చూశాను. పెద్దమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. ఆ వారంలోనే అన్న ఒక పాత కంప్యూటరూ స్కానరూ తెచ్చిచ్చాడు. పెద్దనాయన ముందు సొంత ఫోటోలు స్కాన్ చేసి అందులోకి ఎక్కించాడు, తర్వాత పక్కింటివాళ్లవి, తర్వాత లైనంతా. తలకు టోపీలు పెట్టుకుని మొదటిసారి దిగబోయే కుర్రాళ్లు, పెళ్లిళ్లు, బంతాట జట్లు, నవ్వకుండా నిలబడ్డ అమ్మమ్మలు. ప్రతి ఫోటోకీ ఆ ఇంటి మగమనిషి టోకెన్ నంబరే పేరు. ఎవరైనా తండ్రి నంబరు తప్పు చెప్తే ఆయనకు కోపం వచ్చేది. "ఏమప్పా, కన్న తండ్రి నంబరు గూడా మర్సిపోతే ఎట్ల? ఇరవై ఏండ్లు నా చేత్తో ఇచ్చినా నేను!"

ఆయుధ పూజకు కంప్యూటరుకు విభూతి పెట్టి, కుంకుమ దిద్ది, మౌసు పక్కన నిమ్మకాయ కోసిపెట్టేవాడు. నేను పగలబడి నవ్వేదాన్ని. "నవ్వు, నవ్వు. దీంట్లో ఎంతమంది ఉండారో నీకేం తెల్సు" అనేవాడు.

నేను రోజూ రైల్లో బెంగుళూరు పోయి ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటాను. మా ఇంట్లో ఆ మాత్రానికే నేను ఇంజనీరు. ఏం అనుమానం వచ్చినా ఆయన నన్నే అడిగేవాడు. ఒక ఆదివారం, "పాపా, ఇది పోతే?" అన్నాడు.

ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లందరూ చెప్పే మాటే నేనూ చెప్పాను. ఫోటోలు సి డ్రైవులో పెట్టుకో, ఇంకో కాపీ డి డ్రైవులో పెట్టు, సి పోయినా డి పోదు అని. దగ్గర కూర్చుని నేనే కాపీ చేసి, స్క్రీను మీద రెండు బొమ్మలూ వేలితో చూపించాను.

ఆయన కాసేపు చూశాడు. ఆ తర్వాత కిందికి వంగి, ఆ ఇనుప డబ్బాను అరచేత్తో తట్టాడు. "రెండూ ఈ డబ్బాలోనే గదా ఉండాది?"

"లోపల వేరే వేరే పెద్దనాయనా."

"ఒకే జేబులో రెండు టోకెన్లు ఏస్కోని దిగితే, ఇంగ మనకోసరం పైన ఎవురు ఎతుకుతారు పాపా?"

నేను నవ్వాను. "అయ్యో, ఇది గని కాదు పెద్దనాయనా!" అన్నాను. ఇంతే అన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది. సి, డి అనేవి ఒకే డిస్కు మధ్యలో కట్టిన అడ్డగోడకు అటూ ఇటూ గదులు. విండోస్ చెడిపోయి మళ్లీ ఎక్కించేటప్పుడు ఆ గోడ పనికొస్తుంది. డిస్కే పోతే ఇల్లే పోయినట్టు. ఆ సంగతి నాకు తెలియదు, తెలియదని ఒప్పుకోవడమూ తెలియదు. ఆయన తనకు తెలిసినదాన్ని నా చదువు చూసి పక్కన పెట్టేశాడు.

ఆ మర్నాటి నుంచి లైనంతా చెప్పాడట. "రెండు తావుల పెట్టినా. బేజారు పడొద్దండి." మనుషులు నిశ్చింతపడ్డారు. తమ దగ్గరి ఫోటోల్లో చెదలు పట్టినవి, బూజు పట్టినవి, అతుక్కుపోయినవి పారేశారు. టోకెనాయన దగ్గర ఉన్నాయి కదా అనుకున్నారు. రంగు కారిపోయిన తన పెళ్లి ఫోటోలను పెద్దనాయన కూడా ఉంచుకోలేదు.

పోయిన చలికాలంలో ఫోన్ చేశాడు. "పాపా, డబ్బా లోపల ఏందో టక్కు టక్కుమని కొట్టుకుంటా ఉండాది. ఆపేసేదా?"

"ఫ్యానుకు దుమ్ము పట్టింటుంది. వాడుకో, ఏం కాదు. ఆదివారం వస్తాను."

బండ చప్పుడు చేస్తే పని ఆపి బయటికి రావాలని నేర్చుకున్న మనిషి ఆయన. నా మాట విని ఆపలేదు. ఆ ఆదివారం నేను వెళ్లలేదు. బట్టలు ఉతుక్కుని పడుకున్నాను.

తర్వాత కంప్యూటరు ఆగిపోయింది. డిస్కును బెంగుళూరులో మూడు చోట్ల చూపించాను. మూడో చోట విప్పి, లోపల అద్దంలాంటి బిళ్ల మీద చుట్టూ పడిన గీత చూపించి, "ఏమీ రాదు మేడమ్" అన్నారు. తువాలులో చుట్టి తెచ్చి పెద్దనాయన చేతిలో పెట్టాను.

"పోనీలే. డి లో ఉండాది గదా పాపా?" అన్నాడు.

డి కూడా ఆ డిస్కులోదేనని చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కాళ్లు పట్టుకుని ఏడ్చేదాన్ని. "అట్లనా" అన్నాడు. ఆ తర్వాత, "కాఫీ తాగి పో, రైలుకు ఇంగా టైముండాది" అన్నాడు.

కుంటుకుంటూ ఇంటింటికీ తిరిగి తనే చెప్పాడు. కొందరి దగ్గర పాతవి ఉన్నాయి, చాలామంది దగ్గర లేవు. మూడో ఇంటి ముసలమ్మ మొగుడు గనిలోనే పోయినవాడు. అతనికున్నది ఒక్కటే ఫోటో, చెదలు తింటే ఆమె పొయ్యిలో వేసింది. "మా ఆయన మొగం ఇంగ యాడ సూసుకునేది అన్నా?" అని ఆమె అడిగిందట. పెద్దనాయన గడపలోంచే తిరిగి, చెప్పులేసుకోవడం కూడా మరిచి వచ్చేశాడని అన్న చెప్పాడు. ఆ తర్వాత ఆ వీధిలోకి పోలేదు. పాల ప్యాకెట్టుకు కూడా వెనక దోవన చుట్టూ తిరిగి పోయేవాడు. నాలుగు నెలలకే నిద్రలో పోయాడు. గుండె అన్నారు డాక్టర్లు.

ఇది చదివే మీ ఇంట్లో కంప్యూటరు ఉంటే, అందులో మీవాళ్లు ఉంటే, ఇంకో డిస్కు మీద కాపీ తీసి, ఇంకో ఇంట్లో, ఇంకొకరి బీరువాలో పెట్టండి. అదే డబ్బాలో కాదు. ఇది ఆయన చెప్పిన మాట. నేను వినలేదు.

ఆ రోజు బంగారపేటలో దిగి, వెనక్కి తిరిగి నేను ఇల్లు చేరేసరికి అన్న ఆధార్ కార్డులోని ముఖాన్ని పెద్దది చేయించి తెచ్చాడు. అది ఎవరో కళ్లు వాచిన మనిషి. ఫోన్లలో ఉన్నవాటిలో ఆయన వీపు, భుజం, సగం చెవి. ఎప్పుడూ ఫోటో తీసేవాళ్ల పక్కనే ఉండేవాడు కదా. అన్న ఆ ఆధార్ బొమ్మను బోర్లా పెట్టేసి, ట్రంకు పెట్టెలోంచి పెద్దనాయన గనిలోకి దిగే రోజుల టోకెన్ తీశాడు. గని మూసిన రోజు ఆయన దాన్ని ఎవరికీ ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకున్నాడు. అన్న దాన్ని గోడకు మేకు కొట్టి తగిలించి, మూర మల్లెపూలు దానికే చుట్టాడు.

మధ్యాహ్నం మూడో ఇంటి ముసలమ్మ వచ్చింది. నేను తల వంచుకున్నాను. ఆమె నన్ను చూడలేదు. గోడ దగ్గరికి పోయి, కొంగుతో బిళ్ల తుడిచి, నంబరు వేలితో తడుముకుంది.

"ఇది జేబులోదా, బోర్డుదా?"

"జేబులోదమ్మా" అన్నాను.

"దీని జత యాడుండాది?"

ఆ బోర్డు ఏ పాత ఇనుములో కలిసిపోయిందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆమె చెయ్యి తీసేసింది. బిళ్ల మేకు మీద కాసేపు అటూ ఇటూ తిరుగుతూ ఉంది.