రాయని కార్డు

మా పెంపుడు నాయనకు రాయడమంటే తగని సరదా. కోసిగి పక్కన మా పేటలో అక్షరాలు వచ్చింది ఆయనొక్కడికే. ఆ సంగతి ఎవర్నీ మరిచిపోనిచ్చేవాడు కాదు. కరువులో మా అమ్మ నన్ను కర్నూలులో ఒక మిషను అనాథశాలలో వదిలి, వానలు పడగానే వచ్చి తీసుకుపోతానని కూలికి వెళ్లిపోయిందట. నాకప్పుడు మూడేళ్లు. అక్కడి దొరసాని నన్ను ఈయనకు పెంపకానికిస్తూ ఒక కాగితం చేతిలో పెట్టింది. పిల్లకు జబ్బు చేసినా, పిల్లను ఊరు దాటించినా, పిల్ల తరఫువాళ్లు వచ్చినా వెంటనే తనకు పోస్టు కార్డు రాయాలని అందులో ఉంది. నాయన దాన్ని ప్రార్థన కాగానే పదిమందికీ చదివి వినిపించి గోడకు అంటించాడు.

ఇక మొదలుపెట్టాడు. నా తలలో పేలు పడితే కార్డు. కుండ పగలగొడితే కార్డు. ప్రార్థనలో కునుకు తీస్తే కార్డు, అదీ బైబిలు వాక్యం జోడించి. ఒకసారి పిల్ల రొట్టెలు మరీ ఎక్కువ తింటోందని రాశాడు. తిననివ్వండి అని దొరసాని జవాబిచ్చింది. సిగ్గుపడాల్సింది పోయి, దొరసాని తనకు ఉత్తరం రాసిందని దాన్ని పేటంతా తిప్పి చూపించాడు. అంతటి పెద్దమనిషి!

నాకు ఎనిమిదేళ్లప్పుడు జొన్న నిలువునా ఎండిపోయింది. పేటలో సగం మంది పత్తి ఏరడానికి రాయచూరు వైపు సుగ్గికి, అదే వలసకూలికి, బయల్దేరారు. మేమూ మూటలు కట్టాం. నేను గోడ మీది కాగితం చూపించాను.

"నాయనా, దొరసానమ్మకు కార్డు రాయవా?"

"పది దినాల్లో తిరిగొస్తాం. దానికేం రాసేది? నడువు."

రాస్తే దొరసాని నన్ను వెనక్కి పిలిపించుకుంటుందని ఆయనకు బాగా తెలుసు. పత్తి ఏరే చేతులు రెండు తగ్గిపోతాయి. మూడు నెలలు ఏరాం.

తిరిగొచ్చిన రోజు, మూటలు దించకముందే పొరుగింటి అవ్వ ఎదురొచ్చింది.

"ఇన్నాళ్లూ యాడ పోయినారప్పా? పాప కన్నతల్లి పోయిన నెల వచ్చిండె. మిషనోళ్లే ఈడికి పంపించినారంట. పొద్దున్నించి మీ అరుగు మీదే కూర్చునిండె. మీరు ఏ ఊళ్లో పత్తి ఏరతా ఉండారో మాకూ తెలీదాయె. కూలోళ్ల బండి పోతాదని ఏడ్చుకుంటా లేసి పోయింది."

"చెప్పకుండా వస్తే నేనేం చేసేది?" అని నాయన మా అమ్మ మీదే విసుక్కున్నాడు. ఆ మాటకు ఆయన్ను నేను ఈనాటికీ క్షమించలేదు. దొరసాని నిలదీస్తే కార్డు దొరకలేదన్నాడు. ఆ ఇంట్లో తిండికి కరువొచ్చింది గానీ కార్డులకు ఏనాడూ రాలేదు. దొరసాని మనుషుల్ని పంపి వెతికించింది. ఆ కూలీలు ఏ దిక్కుకు పోయారో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ రోజే నేను అవ్వ వెంటపడి అడిగాను.

"మా అమ్మ ఎట్లుండాదవ్వా?"



"ఏమో తల్లీ. ఎండకు మొగమంతా కొంగు కప్పుకోనుండె. నేను సరిగ్గా చూడలేదు."