పాట కోసం వచ్చినవాళ్ళు

మా పిన్ని పోయిన కబురు నాకు హిందీలో వచ్చింది. జగదల్‌పూర్‌లో నేను పనిచేసే బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి వెళుతున్నారు. కిరండూల్‌లో పిన్ని అద్దెకున్న ఇంటి యజమాని ఫోన్ చేశాడు. “మౌసీ నహీ రహీ, మేడమ్” అన్నాడు. పొద్దున టీ ఇద్దామని తలుపు తడితే పలకలేదట. నిద్రలోనే వెళ్ళిపోయిందట. నేను సరేనన్నాను. ఆమె ఇంతకాలం ఒంటరిగా ఉంది కాబట్టి ఒంటరిగానే పోయిందని తరవాత చాలామంది అన్నారు. అది పూర్తిగా నిజం కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. పెళ్ళయ్యాక విజయనగరం వైపు నుంచి ఇనప గనుల ఊరు కిరండూల్ వచ్చింది. చిన్నాన్న రైల్వేలో పట్టాల పని చేసేవాడు. వచ్చిన కొన్నేళ్ళకే మెదడు మలేరియాతో పోయాడు. పిల్లలు లేరు. ఆయన బదులు పిన్నికి రన్నింగ్ రూములో వంట ఉద్యోగం ఇచ్చారు. ఖనిజం బండ్లు నడిపే డ్రైవర్లు, గార్డులు డ్యూటీ దిగాక తిని పడుకునే చోటు అది. పుట్టింటివాళ్ళు వెనక్కి రమ్మన్నారు. “ఈడ నాకో పొయ్యి ఉంది. ఆడేటుంది?” అని వెళ్ళలేదు.

పాట ఆమెకు చిన్నప్పట్నుంచీ ఉంది. చర్చిలో ఆమె గొంతు విడిగా వినబడేది. చిన్నాన్న పోయాక సొంతంగా పాటలు కట్టడం మొదలెట్టింది. పాస్టరుగారు మంచాయన. అన్నీ విని, “బాగున్నాయమ్మా, కానీ ఇవి ఆరాధన పాటలు కావు కదా” అన్నారు. కాలనీలో తెలుగువాళ్ళ సంఘం వాళ్ళు సినిమా పాటలైతే స్టేజీ ఇస్తామన్నారు. ఆమె ఇద్దరితోనూ తగవు పడలేదు. ఆదివారం మధ్యాహ్నం తన క్వార్టర్ తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో కూర్చుని పాడుకునేది. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు వినేవాళ్ళు. బిందె నిండగానే వెళ్ళిపోయేవాళ్ళు.

అప్పట్లో ఆమె కట్టిన పాటొకటి ఇలా మొదలవుతుంది:

నిండుగెళ్ళే బండి నిలవనైనా నిలవదు
ఖాళీగొచ్చే బండి కబురైనా సెప్పదు

కిరండూల్ బండ్లు అంతే. కొండ తవ్వి తీసిన ఎర్రరాయిని నింపుకుని విశాఖ రేవుకు వెళతాయి, ఉత్త పెట్టెలతో తిరిగొస్తాయి. ఓరోజు పప్పు వడ్డిస్తూ ఆమె ఈ పాట కూనిరాగం తీస్తుంటే, ఒక ముసలి గార్డు తింటున్న చెయ్యి ఆపి, “మళ్ళీ పాడమ్మా” అన్నాడు. పాడింది. “ఇది మా ఆవిడ వినాలి” అన్నాడాయన.

అక్కడే మొదలైంది. పిన్ని ఒక టేప్ రికార్డర్ కొనుక్కుంది. పాటలు తనే రికార్డు చేసి, క్యాసెట్లు బండి మీద వెళ్ళేవాళ్ళ చేతికిచ్చేది. అందరికీ ఒకటే మాట చెప్పేది. “ఇన్నాక దాసుకోకు. ఇంకోళ్ళకియ్యి. ఎవులికిచ్చినావో వొచ్చి నాకు సెప్పు.”

వాళ్ళు వచ్చి చెప్పేవాళ్ళు. క్యాసెట్ కోరాపుట్‌లో గేటు కాపలావాడి భార్యకు చేరింది. అరకులో ఇస్త్రీ కొట్టాయనకు చేరింది. ఒక బస్సు కండక్టరు కొన్ని క్యాసెట్లు కొంటా ఊరి వైపు పట్టుకెళ్ళాడు. వాళ్ళెవరినీ పిన్ని చూడలేదు. అయినా చుట్టాల్లా గుర్తుపెట్టుకుంది. అన్నం వడ్డిస్తూ, “గేటుకాడ అమ్మాయికి కాలునొప్పి తగ్గిందేటి?” అని డ్రైవర్లను అడిగేది. ఆ జవాబులే ఒక్కోసారి పాటలయ్యేవి. సెలవులకు వెళ్ళినప్పుడు, ఎంతమంది వింటున్నారు పిన్నీ అని నేనడిగితే విసుక్కునేది. “ఇనేవోళ్ళని లెక్కెట్టకూడదే. గురుతెట్టుకోవాలి.”

పగలంతా ఎవరో ఒకరు తినిపోయే వంటింట్లో ఉండి, సాయంత్రం తన గదికొచ్చి ఒక్కతే తినేది. ఓసారి కంచం కడుగుతూ అంది. “అందరి యోగచ్చేమం నాకు తెలుసు. నా ముందు కూకుని పాట ఇన్నోళ్ళు మాత్రం ఎవులూ లేరు.”

అందరినీ ఒకసారి పిలుద్దామని అప్పుడే అనుకుంది. వానలు తగ్గుముఖం పట్టాయి. ఒక ఆదివారం అనుకుని, లైను పొడుగునా గార్డులతో కబురు పంపింది. కాలనీలో చిన్న హాలు అడిగి తీసుకున్నాం. పిన్ని తెల్లవారుతూనే పులిహోర కలిపింది. పసుప్పచ్చ చీర కట్టుకుంది. నేను కుర్చీలు వేశాను. ప్యాసింజరు రావలసిన వేళ దాటిపోయింది. కొండచరియ విరిగి పట్టాల మీద పడిందని, బండి దారిలోనే ఆగిపోయిందని స్టేషన్ నుంచి కబురొచ్చింది.

“మరో ఆదివారం పెట్టుకుందాం పిన్నీ” అన్నాను.

“పాట ఇయ్యాలకని కట్టినాను కదే” అంది.

ఖాళీ కుర్చీల ఎదుట నిలబడి అన్ని పాటలూ పాడింది. నేనూ, హాలు చౌకీదారూ విన్నాం. అతనికి తెలుగు రాదు, హల్బీ మాట్లాడే అక్కడి మనిషి. చివరిదాకా నిలబడే విన్నాడు.

రెండు రోజుల తరవాత ఆ బండి గార్డు వచ్చి జరిగింది చెప్పాడు. బండి కొండల్లో ఒక చిన్న స్టేషన్లో ఆగిపోయిందట. జనం ప్లాట్‌ఫారం మీదకు దిగారు. పక్కనున్నామెను ఇస్త్రీ కొట్టాయన అడిగాడట, “మీరెక్కడికండీ?” అని.

“కిరండూల్.”

“ఎవరింటికి?”

“ఎవరింటికీ కాదండీ. పాటకి.”

“నేనూ పాటకేనమ్మా.”

అలా ఒక్కొక్కరూ బయటపడ్డారు. తెచ్చుకున్న తిండి పంచుకున్నారు. పిన్ని పాటలు పాడుకున్నారు. ఒకరికి రాని చరణం ఇంకొకరు అందించారు. దారి బాగవకముందే పొద్దు గూకింది. బండిని వెనక్కి తిప్పి పంపించేశారు. ఏటా ఇక్కడే కలుద్దామని చెప్పుకుని మరీ విడిపోయారట.

గార్డు సంబరంగా చెబుతున్నాడు. పిన్ని గరిటె పట్టుకుని వింటోంది. “మంచిదే” అంది. గరిటె కింద పెట్టాక, “నాను లేకపోయినా జరిగిపోయింది” అంది. అందులో సంతోషం ఎంతో, మరొకటి ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

వాళ్ళు నిజంగానే ఏటా కలిశారు. రమ్మని కబురు చేసేవాళ్ళు. పిన్ని ఏదో వంక చెప్పేది. చివరికి ఒక డిసెంబరులో నన్ను తోడు తీసుకుని బయలుదేరింది. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. ప్లాట్‌ఫారం మీద ఎండలో దుప్పట్లు పరుచుకుని వాళ్ళు కూర్చున్నారు. మేం చివర సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఒకామె వేరుశనక్కాయలు తెచ్చి పిన్ని ఒళ్ళో పోసింది.

“ఎక్కణ్ణుంచి వచ్చారు పిన్నిగారూ?”

“కిరండూల్.”

“అయితే ఆవిణ్ణి చూసే ఉంటారు. ఎలా ఉంటారండీ?”

పిన్ని ఒక కాయ ఒలిచింది. “మామూలు మడిసే. వంట సేస్తది.”

నేను చెప్పబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈలోగా వాళ్ళు బండి పాట ఎత్తుకున్నారు. రెండో పాదం మారిపోయింది. “ఖాళీగొచ్చే బండే కబురట్టుకొస్తాది” అని పాడుతున్నారు. పిన్ని కళ్ళు మూసుకుని వింది. ఆ తరవాత ఎక్కడ పాడినా ఆమె వాళ్ళ మాటతోనే పాడింది.

తిరుగు బండిలో అడిగాను, ఎందుకు చెప్పలేదని.

“సెప్తే నన్నే సూస్తారు. ఇప్పుడు ఒకల్నొకలు సూసుకుంటన్నారు.”

అలా అని ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. జగదల్‌పూర్ వచ్చేదాకా ఇటు తిరగలేదు. ఆ మాట ఎంత నిజమో, దాని ఖరీదూ అంతేనని నాకనిపించింది. పిన్ని మళ్ళీ ఎప్పుడూ అక్కడికి వెళ్ళలేదు.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి బస్తీలో గది తీసుకుంది. క్యాసెట్లు పోయి ఫోన్లు వచ్చాయి. పాటలు ఫోన్లలోకి ఎక్కాయి. ఎక్కించిందెవరో ఆమెకు తెలియదు. లైన్లో మనవాళ్ళు రిటైరై ఒక్కొక్కరే ఊళ్ళకు వెళ్ళిపోయారు. నా దగ్గరికి వచ్చెయ్యమంటే, “ఎవులైనా నన్ను ఎతుక్కుంటా ఈడికే వొస్తారు కదా” అనేది.

సమాధుల తోటకు మేం కొద్దిమందిమే వెళ్ళాం. వాన. మర్నాడు గది సర్ది, తాళం వేసి తిరిగేసరికి, సందులో ఒక నడివయసు ఆడమనిషి నిలబడి ఉంది. చంకలో మూట. కొంటా అవతల ఒక పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చానంది.

“పాటల అమ్మ ఇల్లు ఇదేనా? ఏంది, తాళమేసి ఉంది?”

చెప్పాను. ఆమె ఏడవలేదు. మూట చంక మార్చుకుని అడిగింది. “ఆమెకి ఎవరన్నా ఉన్నరా?”

“నేనున్నాను. అక్క కూతుర్ని.”

“ఇన్నేండ్ల సంది ఇంటున్న. ఒక్కపాలి ఎదురుగ కూసోని ఇందామని వచ్చిన” అంది.

తాళం తీస్తానన్నాను. వద్దంది. మూటలోంచి చింతపండు తీసి నా చేతిలో పెట్టింది. సాయంత్రం బస్సుదాకా ఇక్కడే ఉంటానని, అరుగు మీద నీళ్ళు కొంగుతో తుడిచి, మూసిన తలుపుకు ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. సందులో ఎర్రటి వాననీళ్ళు పారుతున్నాయి. నేను మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ఆమె ఆ తలుపునే చూస్తూ, ఎదుట ఎవరో పాడుతున్నట్టు మెల్లగా తల ఊపుతోంది.