చెక్‌పోస్టు అవతల చెప్పాల్సిన మాట

"అన్న పోయినాడప్పా" అని సార్ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను హోసూరు బస్టాండులో ఉన్నాను. ఎలా అని నేను అడిగేలోపే ఆయనే చెప్పేశాడు. "తెల్లారి బీన్సుకు నీళ్ళు కట్టి వచ్చినాడు. కాఫీ తాగినాడు. రవ్వంతసేపు ఒళ్ళు వాలుస్తానన్నాడు. అంతే." నేను తళి బస్సు ఎక్కాల్సింది పోయి ఇంకేదో బస్సు ఎక్కి, కండక్టరు టికెట్ అడిగితే తెలివి తెచ్చుకుని దిగాను. ఆ రోజు నుంచి ఇదే వరస. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. రాస్తేనన్నా నిలకడ వస్తుందేమోనని ఇది మొదలుపెట్టాను.

ఆయన నాకు ఫ్రెంచి నేర్పిన సార్. ఉద్యోగం బెంగళూరులో, యూనివర్సిటీలో. కాపురం మాత్రం తళి పక్క పల్లెలో, తాతల నాటి భూమిలో. పొద్దున్నే తోటకు నీళ్ళు కట్టి, కాళ్ళు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హోసూరు వచ్చి బెంగళూరు బస్సు పట్టుకునేవారు. ఒక్కోసారి గోళ్ళలో మట్టి అలాగే ఉండేది. ఆ వేళ్ళతోనే చాక్‌పీసు పట్టుకుని బోర్డు మీద నది గీసి, వంతెనలు గీసి, మూలమీద రొట్టెల అంగడి గీసి, "రండప్పా, లోపలికి పోదాం" అనేవారు.

తొంభైల్లో నేను అక్కడ చేరడానికి పోయినప్పుడు రెండో భాష ఏది కావాలని అడిగారు. మా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. మూడూ వచ్చు, ఏ ఒక్కదాంట్లోనూ నాకు ధైర్యం లేదు. ఫ్రెంచి అయితే అందరూ అఆల దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సిందే కదా, నేనొక్కణ్ణే వెనకబడను అనుకున్నాను. కెలమంగలం పక్కన గొర్రెలు మేపుకుంటూ, కాస్త రాగి పండించుకుంటూ ఉండే మా నాయనకు ఈ లెక్క ఎక్కలేదు.

"అది యాడ మాట్లాడతారప్పా?"

"ఫ్రాన్సులో నాయనా."

"ఆడ మనకు ఎవురుండారు?"

తర్వాత ఈ మాట సార్‌కు చెబితే పడిపడి నవ్వారు. "మీ నాయన అడిగిందే సరైన ప్రశ్నప్పా. నాకూ ఆడ ఎవురూ లేరు" అన్నారు. అప్పుడది హాస్యమే అనుకున్నాను.

మొదటి ఏడాది నేను క్లాసులో నోరు విప్పలేదు. రాయమంటే రాసేవాణ్ణి, మార్కులూ వచ్చేవి. మాట్లాడమంటే మాత్రం ఒక్కొక్క మాటనూ తెలుగులోంచి తమిళంలోకి, తమిళంలోంచి ఇంగ్లీషులోకి తిప్పి తిప్పి, అది ఫ్రెంచి అయ్యేసరికి సార్ పక్కవాడి దగ్గరికి పోయి ఉండేవారు. నోట్లో మాట, ఒంట్లో చెమట. చదువు మానేసి ఫ్యాక్టరీలో చేరిపోదామని కూడా అనుకున్నాను.

నన్ను నిలబెట్టింది తమిళనాడు, కర్ణాటక సరిహద్దులోని జూజువాడి చెక్‌పోస్టు. హోసూరులో ఒకే బస్సు ఎక్కేవాళ్ళం కాబట్టి సార్ పక్కన సీటు తప్పేది కాదు. చెక్‌పోస్టు దగ్గర లారీల వరసలో బస్సు ఇరుక్కునేది. అందరూ కునుకు తీసేవాళ్ళు. సార్‌కు నాలాగే కుదురు లేదు. "ముందర ఎక్కుతాంలేప్పా" అని కండక్టరుకు చెప్పి దిగిపోయేవారు, నేను వెనకాలే. లారీల పక్కన దుమ్ములో నడుచుకుంటూ సరిహద్దు దాటేవాళ్ళం. ఈ పక్కన ఉన్నంతసేపూ వానల సంగతి, బీన్సు ధర, మా గొర్రెల రోగాలు. గేటు దాటగానే ఆయన మనిషే మారిపోయేవారు. "చెక్‌పోస్టు ఆ పక్క నా దగ్గర తెలుగు దొరకదప్పా" అని ముందే చెప్పేశారు. నేను ఏం చెప్పాలన్నా ఫ్రెంచిలో చెప్పాలి, లేదా బస్సు వచ్చేదాకా నోరు మూసుకోవాలి. నేను చాలాకాలం నోరే మూసుకున్నాను.

ఒకరోజు గేటుకు ఇవతలే ఆగి, "ముద్ద తినేది వచ్చునా నీకు?" అని అడిగారు.

"ఏం సార్ అట్ల అడుగుతారు? రోజూ అదే కదా."

"నములుతావా?"

"ముద్దను ఎవురన్నా నములుతారా సార్?"

"మరి మాటనెందుకు నములుతాండావు?"

మా వైపు రాగి ముద్ద తినేవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు చెబుతున్నాను. చిన్న తునక తుంచి, చారులో ముంచి, గొంతులోకి జార్చెయ్యాలి. నమిలితే పళ్ళకూ అంగిటికీ పట్టుకుని నోరే తెరుచుకోదు. "ముద్దను నమిలితే రుచి పోతాది, మాటను నమిలితే ధైర్యం పోతాది" అన్నారు సార్. ఆ రోజు గేటు దాటాక, ముక్కలు చెయ్యకుండా ఒక వాక్యం మొత్తంగా చెప్పించారు. నాకు కాఫీ కావాలి అని. చెప్పాను. కాఫీ ఇప్పించారు. అది మామూలు అంగడి కాఫీయే, అయినా అంత మంచి కాఫీ నేను మళ్ళీ తాగలేదు.

ఆయన నేర్పిన ఫ్రాన్సు అంతా ఇలా అలవాట్లతోనే వచ్చింది. అంగట్లోకి పోతే ముందు బోంజూర్ అనాలి, ఆ తర్వాతే సరుకు అడగాలి. భోజనం దగ్గర మాట్లాడుతూనే ఉండాలి, లేకపోతే వండిపెట్టిన ఇంటివాళ్ళు నొచ్చుకుంటారు. తినేటప్పుడు నోరెత్తితే వీపు మీద ఒకటి పడే ఇంట్లో పెరిగిన నాకు ఇది వింతగా ఉండేది. ఇంత వివరంగా చెబుతున్నారు కదా, ఎన్నేళ్ళు ఉండొచ్చారో అనుకున్నాం మేమంతా. ఒకడు అడిగేశాడు. సార్ డస్టరు తీసుకుని బోర్డు తుడుస్తూ, "నేను పోలేదప్పా. నాకు తెలిసిన ఫ్రాన్సు ఇదే. తుడిస్తే పోతాది" అన్నారు.

చదువయ్యాక నాకు తళి దగ్గర ఒక గులాబీ తోటలో పని దొరికింది. గ్రీన్‌హౌసుల్లో పెంచి విదేశాలకు పంపే పూలు. కొత్త రకం మొక్కలు ఇచ్చే కంపెనీ ఫ్రాన్సుది. వాళ్ళ మనిషి ఒకాయన వచ్చి మొక్కలు చూసి పోతుండేవాడు, ఆయనతో మాట్లాడటమే నా పని. మా నాయన ప్రశ్నకు జవాబు దొరికింది: ఆడ ఎవురూ లేకపోయినా, ఆ దేశమోళ్ళే ఈడికి వచ్చినారు. సార్ అప్పటికి రిటైరై పూర్తిగా తోటలోనే ఉన్నారు. పక్కపక్క ఊళ్ళే. పోయి చెప్పాను, ఒకసారి వచ్చి ఆ ఫ్రెంచాయనతో మాట్లాడండి సార్ అని.

బీన్సు కోత ఉందన్నారు. ఇంకోసారి మోకాలు నొప్పన్నారు. మరోసారి చుట్టాలు వస్తున్నారన్నారు. నాకు ఓపిక తక్కువ. "ఏంది సార్ మీరు, కొత్త పెండ్లికూతురి మాదిరి!" అని కసిరాను. కాలవ వైపు తిరిగి, అప్పుడు చెప్పారు.

"రెండు మార్లు పిలుపు వచ్చింది నాకు, ఆ దేశం పోయేదానికి. మొదటిమారు మాయమ్మకు జబ్బు. రెండోమారు ఏ అడ్డమూ లేదు. భయమేసింది. నా ఫ్రెంచిని ఫ్రెంచోడెవుడూ ఇంతవరకు విన్లేదప్పా. విని, ‘ఏమంటివి?’ అని మళ్ళీ అడిగినాడనుకో, ఇన్నేండ్లు నేను చెప్పిందంతా ఏమయినట్టు?"

"నా మాట వాళ్ళకు అర్థమవుతాంది కదా సార్. నాకు చెప్పింది మీరే కదా."

"నీదాన్ని వాళ్ళు దిద్దినారు. నాదాన్ని దిద్దినోడు లేడు."

ఒక జీవితమంతా పాఠం చెప్పిన మనిషి, ఆ పాఠం నిజమో కాదో తెలియక కాలవగట్టున నిలబడి ఉన్నాడు. ఇక ఆగలేకపోయాను. ఆ ఫ్రెంచాయన మళ్ళీ వచ్చినప్పుడు చెప్పాపెట్టకుండా జీపులో సరిగ్గా మధ్యాహ్నం భోజనం వేళకు తీసుకుపోయి సార్ వాకిట్లో దించాను.

సార్ లుంగీ ఎగగట్టి, మోకాళ్ళదాకా బురదతో ఉన్నారు. నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కానీ ఆ వేళకు వచ్చినవాళ్ళను తినకుండా పంపే ఇల్లు కాదది. సార్ భార్య, నేను అమ్మ అని పిలిచే ఆమె, ముగ్గురికీ ముద్ద, ఉలవ చారు పెట్టింది. సార్ నోట ఫ్రెంచి రాలేదు. ఏదడిగినా నాతో తెలుగులో చెప్పడం, నేను దాన్ని ఫ్రెంచిలోకి మార్చడం. పెళ్ళిచూపుల్లాగా ఉంది వ్యవహారం.

ఫ్రెంచాయన ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని నమిలాడు. నములుతూనే ఉన్నాడు. అది పళ్ళకు పట్టుకుంది. ముఖం ఎర్రబడింది. మర్యాద గల మనిషి, ఉమ్మలేడు. "ఏమప్పా, ఆయప్పకు పడలేదేమో!" అని అమ్మ కంగారుపడింది. నేను నోరు తెరిచేలోపలే సార్ విసురుగా ముందుకు వంగి, "నె మాషె పా, అవలే!" అన్నారు. నమలొద్దు, మింగండి అని.

ఫ్రెంచాయన మింగేశాడు.

ఇంకో తునక తుంచి, చారులో ముంచి, ఈసారి నమలకుండా మింగి, నవ్వాడు. ఎందుకు నమలకూడదని సార్‌ను అడిగాడు. సార్ చెప్పారు. ఆయన ఇంకేదో అడిగాడు. అంతే, గట్టు తెగిన కాలవే. రాగి గురించి, రొట్టె గురించి, వాన గురించి, వాళ్ళ ఊళ్ళ సంతల గురించి. నేను ఇద్దరి మధ్య దండగ మనిషినైపోయాను. విస్తళ్ళు ఖాళీ అయి ఎంతసేపయినా లేవరు. "ఎంగిలి చెయ్యి ఎండిపోతాంది, లేయండి, మంచిది కాదు" అని అమ్మ లోపల్నుంచి అరుస్తూనే ఉంది. క్లాసులో బోర్డు మీద గీసిన భోజనం అది. మా సార్ అందులో కూర్చుని ఉన్నారు. నా సంతోషం పట్టలేక వాకిట్లోకి పోయి ఊరికే తిరిగాను.

జీపు ఎక్కే ముందు సార్ నన్ను పక్కకు పిలిచారు. "అర్థమయిందంటావా ఆయప్పకు?"

"మింగినాడు కదా సార్!"

"మర్యాదకు మింగినాడేమో."

ఆ అనుమానం ఆయన్ని వదల్లేదు. తర్వాత ఎప్పుడు కలిసినా, ఆకు తిప్పి పురుగు చూస్తూ, ఏమీ పట్టనట్టుగా అడిగేవారు. "ఆయప్ప ఏమన్నా అన్నాడా?" ఫ్రెంచాయన రావడం తగ్గింది, వాళ్ళ ఊళ్ళోనే పని చూసుకుంటున్నాడు. రెండుసార్లు మెయిల్ రాసి సూటిగానే అడిగాను, మా సార్ భాష ఎలా అనిపించిందని. మొక్కల సంగతి రాశాడు, ఆ భోజనం మరువలేనన్నాడు, భాష మాట ఎత్తలేదు. "చూస్తివా? బాగుంటే చెప్పడా?" అన్నారు సార్. నేను నవ్వి తీసిపారేశాను కానీ, ఆ రాత్రి నాకూ అదే అనుమానం వచ్చింది.

సార్ పోయిన వారంలోనే, దినాలు కూడా కాకముందే, కొత్త మొక్కల విషయమై ఆ ఫ్రెంచాయన ఫోన్ చేస్తే, సార్ పోయిన సంగతి చెప్పాను. ఆయన మొక్కల మాట వదిలేసి అడిగాడు.

"నాకు ముద్ద మింగడం నేర్పిన పెద్దాయనేనా? ఆయన మా దేశంలో ఏ ఊళ్ళో ఉండేవాడు? అప్పుడే అడగాలనుకున్నాను. మా నాన్న కాలంవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడేవాడు. చాలా ఏళ్ళు ఉండి ఉండాలి."

ఆయన మీ దేశం ఎప్పుడూ రాలేదు అన్నాను. నమ్మలేదు. మరి మెయిల్‌లో అడిగితే ఎందుకు చెప్పలేదని దాదాపు అరిచాను. ఆయన తికమకపడ్డాడు. నువ్వు ఎందుకు అడుగుతున్నావో నాకు తెలియలేదు, మా ఊరివాణ్ణి పట్టుకుని, మా భాష బాగా మాట్లాడావని ఎవరంటారు అన్నాడు.

ఫోన్ పెట్టాక గ్రీన్‌హౌసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. ఎవరి మీద కోపమో కూడా తెలియదు. ఇన్నేళ్ళు ఆయన కాచుకున్న మాట, నేను అడిగినప్పుడల్లా రాని మాట, ఆయన్ని మట్టి చేసి వచ్చాక నా చేతికి వచ్చింది. సార్ ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. "బతికుండంగ చెప్పకపోయినాడే ఆయప్ప" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు చెప్పినా నా బరువు దిగలేదు. అది ఆమె మాట కాదు.

నిన్న హోసూరులో బెంగళూరు బస్సు ఎక్కాను. బెంగళూరులో నాకేమీ పని లేదు. జూజువాడిలో లారీల వరస అలాగే ఉంది, బస్సు అలాగే ఆగింది. ముందర ఎక్కుతానని చెప్పి దిగాను. దుమ్ములో లారీల పక్కన నడిచాను. ఇవతల ఉన్నంతసేపూ ఆ మాట ఎత్తలేదు, ఫ్రెంచి గేటు అవతలే, ఆయన పెట్టిన పద్ధతి అది. గేటు దాటాక రోడ్డు పక్కన నిలబడి, ముక్కలు చెయ్యకుండా, ఫ్రెంచిలో చెప్పాను. సార్, వాళ్ళ దేశంలో మీరు ఏ ఊళ్ళో ఉండేవారని ఆ ఫ్రెంచాయన అడిగాడు.

లారీ క్యాబిన్‌లోంచి డ్రైవరు ఒకడు వింతగా చూశాడు. వెనకనుంచి మా బస్సు మెల్లగా వచ్చి ఆగింది, "ఎక్కప్పా, నీకోసం ఎంతసేపు నిలుస్తాది?" అని కండక్టరు రేకు మీద కొట్టాడు. పొమ్మని చెయ్యి ఊపాను. లారీల మోతలో సార్‌కు వినబడిందో లేదోనని, ఇంకొకసారి గట్టిగా చెప్పాను.