చల్లపల్లి బస్సు వెలాసిటీ

విజయవాడలో నేను ఇంటర్ చదివిన కాలేజీ పేరు వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కాలేజీ అనడమే గానీ అదొక అద్దె అపార్ట్‌మెంటు. హాళ్లకి అడ్డంగా ప్లైవుడ్ కొట్టి క్లాసులు చేశారు. తొంభైల్లో ఇంజనీరింగ్ సీటు కావాలంటే మా చల్లపల్లి పిల్లలు అలాంటి చోటే పడాలి. ప్రతి ఆదివారం పరీక్ష, సోమవారం పొద్దున్నే గోడ మీద ర్యాంకులు. అమ్మాయిలకి రెండే సెక్షన్లు. మొదటిదానికి మంచి లెక్చరర్లు, రెండోదానికి ఆ పూట ఖాళీగా దొరికినవాళ్లు. రెండో సెక్షన్‌కి పడితే సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే. నేను మొదటి సెక్షన్ చివర్న గోళ్లు కొరుక్కుంటూ వేలాడుతుండేదాన్ని.

మా ఫిజిక్స్ సారు పాఠం చెప్పడు. షార్ట్‌కట్లు చెప్తాడు. "వెళ్లిన స్పీడు, వచ్చిన స్పీడు ఇచ్చాడా? రెండూ గుణించు, రెట్టింపు చెయ్యి, వాటి మొత్తంతో భాగించు. ఆలోచించావా, టైం పోయింది" అనేవాడు. ఆలోచనంటే ఆ మనిషికంత కంటగింపు.

ఒక ఆదివారం బిట్టు: బస్సు విజయవాడ నుంచి చల్లపల్లికి గంటకి నలభై కిలోమీటర్ల చొప్పున వెళ్లి, అదే దారిన అరవై చొప్పున తిరిగొచ్చింది. సగటు వెలాసిటీ ఎంత? అందరూ నలభై ఎనిమిది పెట్టారు. అది సగటు స్పీడు. వెలాసిటీకి తిరిగిన దూరంతో పనిలేదు, బయల్దేరిన చోటి నుంచి ఎటు, ఎంత జరిగామన్నదే లెక్క. బస్సు మళ్లీ బస్టాండులోనే ఉంది. నేను సున్నా పెట్టాను.

సోమవారం అంటించిన కీలో నలభై ఎనిమిదే ఉంది. ఒక్క మార్కు తేడాతో రెండో సెక్షన్‌కి పడ్డాను. నేరుగా స్టాఫ్ రూముకి వెళ్లాను.

"సార్, బస్సు బిట్టుకి కీ తప్పండి. అడిగింది స్పీడు కాదండి, వెలాసిటీ. తిరిగొచ్చేసింది కదండీ, సున్నాయే వస్తుందండి."

ఆయన టీ తాగుతూ ప్రశ్నపత్రం చూశాడు. తప్పు తెలిసిందని మొహంలోనే కనపడింది.

"క్లాసులో నేనేం చెప్పాను?"

"షార్ట్‌కట్ చెప్పారండి."

"చెప్పింది చెయ్యకుండా నీ అతి తెలివెందుకమ్మా? లిస్టు అంటించేశాం. నీ ఒక్కదానికోసం అందరి పేపర్లూ మళ్లీ దిద్దమంటావా? పో, పోయి నీ సెక్షన్లో కూర్చో."

నేను బతిమాలలేదు. నోటికొచ్చిన తిట్లన్నీ మనసులోనే తిట్టుకుంటూ వెళ్లి రెండో సెక్షన్లో, ప్లైవుడ్ పక్కన ఖాళీగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను. మాకు ఇంకా లెక్చరర్ ఎవరూ రాలేదు.

అవతల నుంచి ఆయన గొంతు వినపడింది. "నిన్నటి బస్సు బిట్టు చూడండమ్మా. అడిగింది స్పీడు కాదు, వెలాసిటీ. బస్సు బయల్దేరిన చోటికే తిరిగొచ్చేసింది. ఇప్పుడు చెప్పండి, ఎంత?"

"సున్నా సార్!" అని సెక్షన్ మొత్తం అరిచింది.

"అదీ! మొదటి సెక్షన్ అంటే అట్లా ఉండాలి" అన్నాడు.