ఊళ్ళోనే స్థలం చూపించిన సర్వేయరు గారు

మా ఎదురింటి సర్వేయరు గారు మొన్న మంగళవారం పోయారు. పొద్దున్నే పాల కోసం గేటు తీస్తే ఆయన కోడలు చెప్పింది, "మావయ్యగారు నిద్రలోనే వెళ్ళిపోయారండీ" అని.

మునిసిపాలిటీలో పనిచేసి రిటైరయిన మనిషి. ఎవరింటికి వెళ్ళినా గడపలో ఒక్క క్షణం నిలబడి గది కొలత చెప్పేవారు. టేపు పెట్టి చూస్తే అంగుళం తేడా ఉండేది కాదు.

మూడేళ్ళ క్రితం ఏ పట్టణం ఎన్ని పేదల ఇళ్ళు కట్టాలో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించి పంపింది. ఊళ్ళో జాగా లేదని మా మునిసిపాలిటీవాళ్ళు తేల్చేసి, ఎక్కడో వాగు పక్కన నల్లరేగడి పల్లం చూపించారు. మా కాలనీ వెనక మునిసిపాలిటీ స్థలం ఖాళీగానే ఉంది. అక్కడ ఇళ్ళు వద్దని మా కాలనీవాళ్ళం అర్జీ పెట్టబోయాం. అది రాసింది నేనే.

సంతకం కోసం వెళితే సర్వేయరు గారు చదివి, మడిచి తిరిగిచ్చారు.

"రేపు నాతో ఆ పల్లానికి రావయ్యా. చూశాక కూడా పెట్టమంటే పెడతాను."

వాన వెలిసిన పొద్దు. బస్సు దిగి గట్టు మీద నడుస్తుంటే నా చెప్పులు బురదలో దిగబడ్డాయి. ఊళ్ళో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళే ఒకావిడ, తనకు రాసిన జాగా చూసుకోవడానికి అక్కడికి వచ్చి ఉంది.

"ఇక్కడ్నించి ఏడింటికల్లా పనికెట్టా అందుకుంటానండీ? ఇల్లిచ్చి కూలి తీసేసినట్టేగా," అంది.

తిరుగు బస్సులో అర్జీ చింపేశాను.

ఆ తర్వాత సర్వేయరు గారు మా కాలనీ వెనక స్థలం చూపించే పాత పటం చంకన పెట్టుకుని వారం వారం మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళారు. నేనూ తోడు వెళ్ళాను. కాలనీలో కొందరు మాతో మాట్లాడడం మానేశారు.

"స్థలం లేదని చెప్పాంగా పెద్దాయనా," అని అక్కడి అధికారి విసుక్కుంటే, "లేదనకండి, చూడలేదనండి," అని పటం పరిచేవారు.

ఆయన మెట్లెక్కలేక ఆగిపోతుంటే, ఇక చాలించమన్నాను.

"మోకాళ్ళు అరిగితే నావి అరుగుతాయి. నువ్వు పటం పట్టుకో," అన్నారు.

ఆ స్థలంలోనే ఇళ్ళు కట్టడానికి దాదాపు ఏడాదికి అధికారులు ఒప్పుకున్నారు. పునాదులకు ముగ్గు పోసిన రోజు, సర్వేయరు గారు కుర్చీ వేసినా కూర్చోకుండా తాడు కొస తానే పట్టుకున్నారు.

ఆయన్ని సాగనంపిన మర్నాడు అటుగా వెళ్ళాను. అక్కడ కట్టిన మూడంతస్తుల ఇళ్ళ ముందు, తడి తలలు దువ్వించుకుని పిల్లలు బడికి బయల్దేరుతున్నారు. పక్కవీధి బడిలో మొదటి గంట వినిపించింది. ఎవరూ పరిగెత్తలేదు. ఒక పిల్ల ఆగి, తీరిగ్గా చెప్పు పట్టీ సరిచేసుకుంది.