కూర్మయ్య వేలికి సిరా

దాలమ్మ నోటికి ఊరు దడుస్తుంది. దడవాల్సినవాళ్లే దడుస్తారు, తక్కినవాళ్లకేం భయం? మొగుడు పోయాక బొబ్బిలి దగ్గరి పుట్టింటికి వచ్చేసి, పిల్లాజెల్లా లేని అన్న కూర్మయ్యకు వండిపెడుతోంది. కూర్మయ్యకు మతి జారిపోయింది. తిన్నది గుర్తుండదు, ఎప్పుడో పోయిన పెళ్లాన్ని కేకేస్తాడు. నెలనెలా పింఛను మిషను మీద బొటనవేలు పెట్టడం మాత్రం మరవలేదు. గుమ్మంలోకి ఎవరొచ్చినా వేలు చాపేస్తాడు.

ఆ రోజు అన్నానికి ముందు చెయ్యి కడగబోతే ఆ వేలికి నీలం సిరా. మిషనుకు సిరా ఎందుకు? ఎవరొచ్చారంటే "పింసనోలు" అన్నాడు. తమ్ముడి కొడుకు తిరుమలరావు ఎవరో ఇద్దరిని వెంటేసుకుని కాగితాలతో వచ్చాడని పక్కింటి గురమ్మ చెప్పింది. చూస్తూ ఊరుకున్నందుకు గురమ్మకూ పడ్డాయి అక్షింతలు. ముసలాయన పేర మిగిలింది రోడ్డు పక్క జీడితోట ఒక్కటే. ఆయన కూడూ మందులూ దాని మీదే.

మర్నాడు ఆసుపత్రికని చెప్పి తిరుమలరావు పెదనాన్నను ఆటో ఎక్కించాడు. దాలమ్మ ఆపలేదు. ఇంటి దగ్గర ఆపితే రేపొస్తాడు, తోట రిజిస్ట్రీ చేసే ఆఫీసరు ఎదటే ఆపాలి. వెనకే ఇంకో ఆటోలో రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి, జనాన్ని తోసుకుంటూ బల్ల ముందు నిలబడింది.

అత్తకు తోట మీద ఆశ సార్, అన్నాడు తిరుమలరావు.

"ఆశ ఎవుడికో తరవాత తేల్సుకుందాం. బాబూ, ఏటి అమ్ముతన్నాడో ఆయన్నే అడగండి."

ఆఫీసరు అడిగాడు. కూర్మయ్య ఆనందంగా వేలు చాపాడు.

"ఏలేస్తాను బాబూ. నా పింసనిచ్చీండి."

ఆఫీసరు కాగితాలు వెనక్కి నెట్టేశాడు. మతి బాగుందని డాక్టరు రాసిచ్చిన కాగితం లేకుండా ఈ మనిషిని మళ్లీ తేవద్దని, తెస్తే పోలీసులకు చెబుతానని తిరుమలరావును కసిరాడు.

బయటికొచ్చాక తిరుమలరావు పళ్లు కొరికాడు. "ముసలోడు పోయాక సూస్తాను నీ సంగతి."

"అప్పుడు సూద్దువులే. ఈలోగా తోట గట్టెక్కేవంటే కాళ్లిరగ్గొడతాను."

తిరుగు ఆటోలో కూర్మయ్య చెల్లెల్ని తిట్టిపోశాడు. "దొంగముండా, నా పింసను తినేసినావు." ఆటోలో జనమంతా దాలమ్మను దొంగను చూసినట్టే చూశారు. పాపం, ముసలాయన డబ్బులు ఆయనకిచ్చెయ్యమ్మా, అని ఒకావిడ నీతులు మొదలెట్టింది.

"నీకేటి తెలుసు, నోర్ముయ్" అంది దాలమ్మ. చెయ్యి విదిలించుకోబోతున్న అన్న మణికట్టును ఇంకా గట్టిగా పట్టుకుంది.