తియా పేరు మీద గీత

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్న హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది. "మిసెస్ పీనా పోయారండీ, సారీ" అంది నర్సు. ఆ పేరుగలవాళ్ళు నాకెవరూ తెలియదని చెప్పి ఫోన్ పెట్టేయబోయాను. అప్పుడు వెలిగింది. పోయింది మా తియా. ఆఖరికి చావు కబురు కూడా ఆవిడ పేరుతో రాలేదు. ఏడుపుకంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇది రాసే వేళకి కూడా అది తగ్గలేదు, కాబట్టి చదివేవాళ్ళు సర్దుకోవాలి.

తియా అంటే స్పానిష్‌లో పిన్నీ, అత్తా, అన్నీ. ఆవిడది ఎల్ సాల్వడార్. యుద్ధం భర్తని మింగేస్తే ఒంటరిగా ఈ దేశం వచ్చి పడింది. అక్కడ పదేళ్ళు బడిపిల్లలకి పాఠాలు చెప్పిన మనిషితో ఇక్కడ మీ చదువు చెల్లదన్నారు. అందుకని నలభై దాటాక బ్రిస్బేన్‌లో యూనివర్సిటీలో చేరి, టీచర్ ట్రెయినింగ్ ఫస్టియర్‌లో నా పక్కన కూర్చుంది. పదేళ్ళు చేసిన పని ఎలా చెయ్యాలో, ఆవిడకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు బోర్డు మీద రాసి చెప్పేవాడు. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

మా పరిచయమే పేర్ల దగ్గర మొదలైంది. నాలుగేళ్ళ కిందట, ఎనభై ఎనిమిదిలో, చేరిన రోజున, ఆఫీసులో బెంచీ మీద ఇద్దరం గంటసేపు కూర్చున్నాం. కౌంటర్లో అమ్మాయి "గరమ్, గరమ్" అని పిలుస్తోంది, తర్వాత "మిసెస్ పీనా" అంటోంది. ఎవరూ లేవడం లేదు. చివరికి గదిలో మేమిద్దరమే మిగిలాం. గరమ్ నేనేనట. మన అలవాటు కొద్దీ ఇంటిపేరు ముందు రాశాను, గుర్రం అని. వాళ్ళు అదే నా పేరనుకున్నారు. తియాది దీనికి తిరగేసిన కథ. వాళ్ళలో మనిషి పేరు తర్వాత నాన్న ఇంటిపేరు, ఆ తర్వాత అమ్మ ఇంటిపేరు వస్తాయి. చివరనున్నదే ఇంటిపేరని వీళ్ళు నాన్న పేరు కొట్టేసి అమ్మది ఉంచారు. "మా అమ్మమ్మని పిలుస్తున్నారనుకున్నా. ఆవిడకి యూనిలో పనేంటా అని చూస్తున్నా" అంది తియా.

ఉంచిన ఆ ఒక్కటైనా సరిగ్గా ఉంచారా? ఆవిడ అమ్మ ఇంటిపేరు పేఞ. ఇంగ్లీషు ఎన్ అక్షరం మీద చిన్న వంకర గీత పెట్టి రాస్తారు. గీత తీసేస్తే పేన అవుతుంది, వీళ్ళ నోట్లో పీనా. తియా కౌంటర్ మీద చెయ్యి వేసి నిదానంగా చెప్పింది.

"పేఞ అంటే కొండరాయి. పేన అంటే దుఃఖం. మా అమ్మ రాయి. నువ్వు దుఃఖం అని రాశావు."

"కంప్యూటర్ తీసుకోదు, లవ్" అంది ఆ అమ్మాయి నవ్వుతూ. ఇక్కడ ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా లవ్ అనే పిలుస్తారు.

నేను సిగ్గుపడి తియా చెయ్యి పట్టుకుని లాగాను, పోనిద్దురూ, ఎందుకు గొడవ అని. బయటికి రాగానే నన్ను నిలబెట్టి గరమ్ అంటే ఏమిటని అడిగింది. అది మా ఇంటిపేరని, అర్థం హార్స్ అని చెప్పాను. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"వాళ్ళు నిన్ను గుర్రం అంటే నువ్వు థాంక్యూ చెప్పి వచ్చావు."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళి పేరు మార్పించుకున్నాను. నాది మారింది. ఆవిడది మారలేదు.

తర్వాత సన్నీబ్యాంక్‌లో ఒక చిన్న ఫ్లాట్‌లో ఇద్దరం కలిసి ఉన్నాం. శనివారాలు తియా రెండు బస్సులు మారి వెళ్ళి వాళ్ళ దేశం పిల్లలకి ఒక చర్చి హాల్లో స్పానిష్ చెప్పేది. ఇక్కడ పుట్టిన పిల్లలు అన్నీ అర్థం చేసుకుని ఇంగ్లీషులోనే జవాబిస్తారు కదా, మనవాళ్ళ పిల్లల్లాగే. తియా దగ్గర ఆ పప్పులుడికేవి కావు. "ఇంగ్లీషులో అడిగితే నాకు ఆకలి వినపడదు" అనేది. స్పానిష్‌లో అడిగినవాళ్ళకే పుపూసా. అది మన బొబ్బట్టుకి వరసకి చెల్లెలు. పూర్ణం బదులు చిక్కుడుగింజల ముద్ద, చీజ్ కూరి, అరచేతుల మధ్య తట్టి పెనం మీద వేస్తారు. మొక్కజొన్న పిండి దొరక్క ఇక్కడ బియ్యప్పిండితో చేసేది.

ఒకరోజు ఆ పిండి పరిచిన చెక్క మీద వేలితో నేను ఒక అక్షరం రాశాను.

"ఇదేంటి?"

"ఞ. మీ గీత పెట్టిన ఎన్. మాకు దానికి వేరే అక్షరమే ఉంది. చిన్నప్పుడు వల్లె వేయిస్తారు, తర్వాత ఎవరూ విడిగా వాడరు."

"మీ భాషలో మా అమ్మకి సొంత అక్షరం ఉందా?" అని చాలాసేపు దానివంక చూసింది. "మీరు వాడకపోతే నాకిచ్చెయ్, మిహా."

మిహా అంటే నా తల్లీ అని. ఆనాటి నుంచి పుస్తకాల మీద, పప్పు డబ్బాల మీద, ఫ్రిజ్‌లో తన పాల సీసా మీద, అన్నిటి మీదా ఞ. నా చేతిరాతకంటే ఆవిడదే గుండ్రంగా ఉండేది.

నవంబరు రెండో తారీఖు వాళ్ళకి పెద్దల దినం. బల్ల మీద భోజనం పెట్టి, పోయినవాళ్ళని ఒక్కొక్కరినే రెండు ఇంటిపేర్లతో గొంతెత్తి పిలిచేది. "పేరు సగం పిలిస్తే మనిషి సగమే వస్తుంది. సగం మనిషికి అన్నం ఎలా పెడతాం?" అనేది. నన్నూ పిలవమంది. నేను మా నాయనమ్మ పేరు చెప్పాను. ఆవిడ పుట్టింటి ఇంటిపేరేమిటని అడిగింది తియా. నాకు తెలియదు. నాయనమ్మ చేతి ముద్దలు తిని పెరిగి, ఆ ఒక్క ముక్క ఎన్నడూ అడగలేదు. నాన్నకి ఉత్తరం రాస్తే, నెల తర్వాత జవాబు వచ్చింది. "ఎవరడిగారమ్మా? గుర్తు తెచ్చుకోడానికి నాకే రెండు రోజులు పట్టింది" అని రాశారు. ఆ రుణం తియాదే.

ఆవిడ డిగ్రీ కాగితం కోసం మూడుసార్లు అర్జీ పెట్టింది. నాన్న పేరు పోతే పోయింది, అమ్మ పేరు మీద గీత ఒక్కటి వెయ్యండి చాలని అడిగింది. ముద్ర కొట్టిన కాగితం గీత లేకుండానే వచ్చింది. ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద బోర్లా పెట్టి, దానిమీద ఉల్లిపాయల బుట్ట పెట్టింది. మనవాళ్ళలో ఒక ఆంటీతో చెబితే, "ఒక్క గీత కోసం ఇంత రాద్ధాంతమా అమ్మా? అడ్జస్ట్ అయిపోవాలి గానీ" అంది. మా తియా అడ్జస్ట్ కానిదల్లా అదొక్కటే ఆంటీ. దేశం పోయింది, మొగుడు పోయాడు, చదువు చెల్లలేదు, అన్నిటికీ సర్దుకుంది.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ ఊరందరినీ తిట్టాను. అంత్యక్రియల ఆఫీసులో కాగితం నింపింది నేను. ఆవిడకి ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు. పెద్ద అక్షరాలతో, గడికి ఒకటి చొప్పున రాయమన్నారు. చెయ్యి అలవాటు పడిపోయింది. నాలుగేళ్ళుగా ఈ దేశంలో ఎన్ని కాగితాలు నింపానో. రాసి, సంతకం పెట్టి ఇచ్చేశాను. సమాధి దగ్గర పాతిన ప్లాస్టిక్ పలక చూసేదాకా నాకు తెలియలేదు. పేన. గీత లేదు. కౌంటర్లో అమ్మాయి కాదు, కంప్యూటర్ కాదు, నేనే. మా తియాని దుఃఖం అని రాసి మట్టిలో పెట్టించాను. నా మీద నాకున్న కోపం ముందు మిగతాదంతా దిగదుడుపే.

రాతిపలక వచ్చేసరికి ఇంకా టైము పడుతుందట. దానికి రెండు ఇంటిపేర్లూ, గీతతో సహా రాసిచ్చి, గుమాస్తా చేత మూడుసార్లు చదివించాను. ఈలోగా ఆగలేక ఆదివారం గోళ్ళరంగు సీసా పట్టుకుని వెళ్ళాను. గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, పలక మీద ఎన్ నెత్తిన వంకర గీత పెట్టాను. ఖాళీలో వాళ్ళ నాన్న ఇంటిపేరు రాశాను. మూల కాస్త చోటు మిగిలింది. అక్కడ గుండ్రంగా, ఆవిడ రాసినట్టే ఞ రాశాను.

పక్క సమాధికి నీళ్ళు పోస్తున్న ఒక ముసలావిడ తొంగి చూసింది.

"పువ్వా, లవ్?"

"కాదండీ. అక్షరం. వాళ్ళమ్మది."

ఆవిడ తలూపి తన పనిలో పడింది. నేను గొంతెత్తి తియాని పూర్తి పేరుతో పిలిచాను. పలక మీద రంగు ఇంకా ఆరలేదు. ఎర్రగా, తడిగా మెరుస్తోంది.